ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?

సురేందర్‌కు ఏ అలవాటూ లేదు. భార్య సుకన్య ఫిర్యాదే అది. మందు ముట్టడు, సిగరెట్ ముట్టడు, పేకముక్క ముట్టడు, ఆ వరసలోనే తిన్న కంచం కూడా ముట్టడు. మంచం మీది తడి తువ్వాలు తీగె మీదికి చేరాలంటే దానికి కాళ్లైనా రావాలి, సుకన్య అయినా రావాలి. "గసొంటి మొగడు దొరకాల్నంటే పెట్టి పుట్టాలె" అంటారు మిర్యాలగూడలో వాడకట్టు ఆడవాళ్లు. తానేం పెట్టి పుట్టిందో సుకన్యకు ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు.

ఐదేళ్ల హాసినికి టాన్సిల్స్ ఆపరేషన్ చేయించడానికి సూర్యాపేట పోతుంటే, బస్సులో ఆ మంచి మనిషి చెవిలో ఒక మాట చెప్పాడు. "పోయిన వారం పొల్లకు జలుబు జేసిందని అనకు. వాయిదా ఏస్తరు. మిల్లుల నాకు మళ్ల లీవు ఇయ్యరు." సుకన్య బిడ్డ ముక్కు తుడుస్తూ ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకున్న ఒకే ఒక్క అలవాటు.

దవాఖానలో మత్తు డాక్టరమ్మది కోదాడ. కాగితం ముందు పెట్టుకుని అడిగింది.

"పాపకి ఈ మధ్య జలుబు, దగ్గు ఏమైనా వచ్చాయా అండీ?"

"లేదు మేడం," అన్నాడు సురేందర్.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?"

"నాకు ఏ అలవాటు లేదు మేడం."

రెండోది అబద్ధం కాదు. ఆమె అడిగింది ఇంటి గురించి, అతను చెప్పింది తన గురించి. అతనికి రెండూ ఒకటే. కానీ వెనక బెంచీ మీద అత్త పెంటమ్మ కూర్చుని ఉంది. పెంటమ్మ చుట్ట తాగుతుంది, అదీ మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొడుతూ. మగవాళ్లు తాగితేనే పొగ, పెంటమ్మ తాగితే అది పెంటమ్మ, అంతే. నలభై ఏళ్లు నాట్లేసి, ఇంటెడు చాకిరీ చేసిన మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేది ఆ చుట్ట కాలినంత సేపే. హాసిని పుట్టినప్పుడు సుకన్యకు నీళ్లు పోసింది ఆ చేతులే. పరాయివాళ్ల ముందు ఆమె గుట్టు ఎట్లా విప్పడం?

"గివన్ని ఎందుకు అడుగుతున్నరు మేడం?" అంది సుకన్య.

"ఆపరేషన్ అయ్యాక, మత్తు దిగేటప్పుడు, కొందరు పిల్లలకి గొంతులో గాలి దారి ఒక్కసారిగా బిగుసుకుపోతుందమ్మా. ఊపిరి ఆడదు. జలుబు చేసి కొన్ని వారాలన్నా కాకపోయినా, ఇంట్లో పొగ పీలుస్తున్నా ఆ భయం ఎక్కువ. వస్తే చూసుకోవడానికి మేమున్నాం. కానీ ముందే తెలిస్తే, రాకుండా జాగ్రత్త పడొచ్చు."

సుకన్య భర్త వైపు చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

"పోయిన వారమే జలుబు చేసింది మేడం. మా అత్తమ్మ చుట్ట తాగుతది. బిడ్డ ఆమె ఒళ్లెనే పంటది."

ఆపరేషన్ మూడు వారాలు వాయిదా పడింది. "నలుగుట్ల ముసల్దాని ఇజ్జత్ తీసినవ్. గిందుకేనా సదివింది?" అన్నాడు సురేందర్ తిరుగు బస్సులో. పెంటమ్మ ఆ మూడు వారాలూ కోడలితో మాట్లాడలేదు. సుకన్య దుప్పట్లన్నీ ఉతికి, బిడ్డ పక్కను తన గదిలోకి మార్చింది. చుట్ట మానమని మాత్రం అనలేదు. డాబా మీద ఒక కుర్చీ వేసి, రోజూ సాయంత్రం టీ అక్కడికే పట్టుకెళ్లింది. నాలుగో రోజు నుంచి టీ తాగిన గ్లాసే మిగిలింది, చుట్ట బూడిద కనిపించలేదు.

ఆపరేషన్ రోజు, మత్తు దిగే వేళకు తలుపు అవతల నుంచి హాసిని ఏడుపు వినిపించింది. డాక్టరమ్మ బయటికొచ్చి, "పక్కకి తిప్పి పడుకోబెట్టాం. ఊపిరి చక్కగా ఆడుతోంది," అంది. సుకన్య తలుపు పక్కనే నేల మీద కూర్చుంది.

పెంటమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొడుక్కి వినపడేటట్టే అంది.

"ముద్దు జేస్తున్న అనుకున్న గని, దానికి పొగ తాగిపిచ్చిన. నిజం జెప్తే నీతోని మాట బంద్ జేసిన. రెండూ నా తప్పే బిడ్డా."