చూపు వచ్చిన తేదీ

...ఏ రోజు నుంచి అని అడిగితే ఏం చెప్పాలి? మసక విడిపోవడానికి ఒక రోజంటూ ఉంటుందా? ముందు ఆ తెల్లదనం నీళ్ళు పోసిన పాలలా పలచబడింది. అందులోంచి ఓ కిటికీ వచ్చింది. కిటికీ దగ్గర ఏదో కదిలింది. కదిలేది మనిషని తెలిసింది, ఆ మనిషి తన పెళ్ళామని ఇంకొన్నాళ్ళకు తెలిసింది. మొండి బాకీదారు చిల్లర చిల్లరగా తీర్చినట్టు వచ్చింది చూపు. అందులో ఏ చిల్లర నాణేన్ని ఎత్తి చూపించి, ఇదిగో ఈ తేదీ అనడం?

ఇలా అనుకుంటూనే, ఇదంతా తనకు తాను చెప్పుకుంటున్న బుకాయింపని పెయింటరుకు తెలుసు. ఆ రోజంటూ ఒకటి ఉంది. మరిచిపోదామన్నా మరుపు రావడం లేదు.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, సంక్షేమ కార్యాలయం వరండాలో, బెంచీ మీద భార్య పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు అతని చేతి రాతే. కళ్ళకు పుండ్లు పడి, నల్లగుడ్లు తెల్లబారిపోయాక కుంచె అటకెక్కింది. అతనికి అంధుల భృతి, అతని చెయ్యి పట్టుకుని తిప్పుతున్నందుకు ఆమెకు తోడు భృతి ఇచ్చారు. తర్వాత పెద్దాసుపత్రిలో, ఎవరో పోతూ పోతూ ఇచ్చిన కంటితో, ఒక కంటికి ఆపరేషన్ చేశారు. చూపు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. వచ్చింది. అతను ఎవరికీ చెప్పలేదు.

చెప్పలేదంటే, ఒకచోట చెప్పాడు. ఆసుపత్రి చీకటిగదిలో, భార్య బయట కూర్చుని ఉండగా, పరీక్ష చేసే అమ్మాయి గోడ మీద అక్షరాలు వెలిగించి చదవమంది. తెలియనట్టు నటిద్దామనే అనుకున్నాడు. కానీ అక్షరం ఎదురుగా ఉంటే తప్పు చదవడం అతనికి చేతకాలేదు. చిట్టచివరి వరసకు కాస్త ఇవతల దాకా గడగడా చదివేశాడు. బయటికి వచ్చి, "అలాగే ఉందట" అన్నాడు భార్యతో.

ఆసుపత్రి కంప్యూటరు ఈ ఆఫీసు కంప్యూటరు చెవిలో ఊదింది. నోటీసు వచ్చింది. చూపు వచ్చాక కూడా ఇద్దరూ తీసుకున్న భృతి అంతా తిరిగి కట్టాలి, అభ్యంతరం ఉంటే విచారణకు వచ్చి ఇద్దరూ సంతకం చేసి చెప్పాలి. పక్కింటి పిల్ల చదివి వినిపిస్తే భార్య ఇంతెత్తున లేచింది.

"కళ్ళు లేనివాడికి కళ్ళున్నాయని రాశారంటే, పోయింది నీ కళ్ళు కాదయ్యా, వాళ్ళవి! నువ్వు నోరు మెదపకు. నేను మాట్లాడతాను. ఒట్టు వెయ్యమంటే వేస్తాను, నా రెండు కళ్ళ మీదా వేస్తాను."

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు పెయింటరు.

ఇప్పుడు ఆమె ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. టైలరు మధ్యాహ్నానికల్లా కావాలన్నాడు, ఆఫీసు పని అని చెబితే నా పని ఎవడు చేస్తాడన్నాడు. అందుకని పనిని వెంట తెచ్చుకుంది. ఎదురుగా తలుపు మీద 'విచారణ' అని బోర్డు ఉంది. రాసినవాడెవడో ముందు కొలుచుకోలేదు. చివరికి వచ్చేసరికి చోటు చాలక అక్షరాలు బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నల్లద్దాల వెనక నుంచి దాన్ని చూస్తుంటే పెయింటరుకు వేళ్ళు దురద పెట్టాయి. ఛీ, ఈ పూట కూడా ఇదేనా నా బుద్ధి, అనుకున్నాడు.

పక్కన చంకలో ఊతకర్రతో ఓ పెద్దాయన చేరాడు. వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూతపడలేదు.

"మీరు దేనికమ్మా?"

"మా ఆయనకి కళ్ళు కనిపిస్తున్నాయట బాబాయ్!"

"నా కాలు బాగుపడిందట. డాక్టరే రాశాడు. అయితే ఓ పని చెయ్యి నాయనా, ఈ బాగుపడిన కాలు నువ్వు తీసుకుని నీది నాకియ్యి అన్నాను. నవ్వాడు గానీ ఇవ్వలేదు."

ఆమె ఫక్కున నవ్వింది. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"లోపల జాగ్రత్తమ్మా. తెలియక తిన్నామంటే నెలనెలా కొంచెం కొంచెం కట్టించుకుంటారు. తెలిసి తిని, తెలియదని సంతకం పెడితే మాత్రం కేసే. మా వీధిలో ఒకావిడ ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతోంది."

"నాకేం భయం? ఉన్నమాట చెప్పడానికి భయమెందుకు?"

ఆ మాట పెయింటరుకు గుండీకి దించిన సూదిలా దిగింది. లోపలికి వెళ్ళి, ఈ మనిషికి చూపు లేదు, నేను లేనిదే అడుగు వెయ్యలేడు అని ఆమె సంతకం పెడుతుంది. వాళ్ళు ఆసుపత్రి కాగితం తీస్తారు. ఆమెకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే మొగుడికి చూపు వస్తే పెళ్ళానికి తెలియదా అంటారు. ఎవడైనా అదే అంటాడు.

ఎందుకు చెప్పలేదు? నోటీసు వచ్చిన నాటి నుంచీ తనను తాను నిలదీస్తున్నాడు. ప్రతిసారీ ఒక్కో సాక్షి వచ్చి ఒక్కో మాట చెబుతున్నాడు.

మరుపు రాని ఆ రోజు పొద్దున ఆమె కిటికీ దగ్గర కూర్చుని కుడుతూ, టైలరూ అతని అత్తగారూ కొట్టుకున్న వైనం చెబుతోంది. అత్తగారి గొంతు ఓసారి, అల్లుడి గొంతు ఓసారి అనుకరిస్తూ, మధ్యలో తనే పగలబడి నవ్వుతూ. అతనూ నవ్వుతూ గొంతు వచ్చేవైపు తల తిప్పాడు. అప్పుడే మొదటిసారి ఆమె మొహం గీత గీతా స్పష్టంగా కనిపించింది. ఆ మొహం ఏడుస్తోంది. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. గొంతు మాత్రం అల్లుడి మాటలు చెబుతోంది. చేతిలో ఉన్న పరాయివాళ్ళ చొక్కాతో కళ్ళు తుడుచుకుని, "అప్పుడేమందో తెలుసా!" అని మళ్ళీ నవ్వింది.

ఆ క్షణాన 'కనిపిస్తోందే' అని ఉంటే ఏం చూశావో చెప్పమనేది. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాటికి దాచాల్సినవి రెండయ్యాయి, ఆమె ఏడుపూ, తను నిన్ననే చూసి ఊరుకోవడమూ. అబద్ధానికి కూడా వడ్డీ పెరుగుతుంది.

ఆమె కోసమే దాచానన్నది మొదటి సాక్షి మాట. చూసేవాడు లేని ఇంట్లో ఆమె మొహానికి కాస్త స్వేచ్ఛ దొరికింది, దాన్ని ఎందుకు లాక్కోవడం? వినడానికి బాగానే ఉంది. మరి తర్వాత ఆ మొహాన్ని రోజూ దొంగచూపులు చూసిందెవరు? రెండో సాక్షి ఆమె చెయ్యి. పెళ్ళైన నాటి నుంచీ వీధిలో అతను ముందు, ఆమె నాలుగడుగులు వెనక. కళ్ళు పోయాక ఆ చెయ్యి అతని చేతిలోకి వచ్చింది. గుండీలు కుట్టి కుట్టి గరుకెక్కిన చెయ్యి. కళ్ళు వచ్చాయంటే చెయ్యి వెళ్ళిపోతుంది.

మూడో సాక్షి ఎప్పుడూ వెనక నిలబడతాడు, ముందుకు తోస్తే గానీ రాడు. బోర్డులు ఇప్పుడెవరు రాయించుకుంటున్నారు? అన్నీ ఫ్లెక్సీలే. కళ్ళు లేనివాడు పనికి పోకపోతే లోకం అయ్యో అంటుంది. కళ్ళున్నవాడికి పని లేకపోతే ఏమంటుంది? భృతి కోసం కాదని అనుకుంటే అది ఇంకో అబద్ధం. భృతి కోసమే అనుకున్నా నిజం అక్కడితో పూర్తికాదు. మింగలేని, కక్కలేని ఈ ముద్దను ఏ సంతకం కింద రాస్తారు?

"పెయింటరు గారూ! తర్వాత మీరే, రెడీగా ఉండండి" అని తలుపులోంచి ప్యూను కేకేశాడు.

"అయ్యో, ఇదొక్కటి మిగిలిందే" అంది భార్య. దారం అయిపోయింది. కొత్త దారం తుంచి, నోట్లో తడిపి, సూదిని వెలుతురుకేసి ఎత్తింది. దారం బెజ్జానికి ఇవతల పోయింది. మళ్ళీ ఎత్తింది. అవతల పోయింది.

ఇంటి దగ్గరైతే పక్కింటి పిల్ల ఎక్కించి పెడుతుంది. ఆ పిల్ల లేనప్పుడు ఆమె ఇలాగే, కళ్ళు చిట్లించి, పెదవి కొరుక్కుని, దారంతో పోట్లాడుతుంది. అతను మంచం మీద కూర్చుని అది చూస్తూ పిడికిళ్ళు బిగించుకుని ఉండేవాడు.

"ఇటివ్వమ్మా" అన్నాడు ఊతకర్ర పెద్దాయన. అతని చెయ్యి ఆకులా వణికింది. "నా వల్లా కాదులే. మన ముగ్గురికీ కలిపి ఒక జత కళ్ళుంటే బాగుండును."

"ఉంటే ఈ ఆఫీసువాళ్ళు వాటికీ లెక్క అడుగుతారు" అంది ఆమె నవ్వుతూ. నవ్వుతున్న గొంతుతో పాటు ఈసారి మొహం కూడా నవ్వుతోందని పెయింటరు చూశాడు. "కానియ్యి, లోపల మాత్రం నువ్వు గమ్మున నిలబడయ్యా. తల పైకెత్తి వాళ్ళ మొహాల్లోకి చూడకు, అసలే అనుమానం మనుషులు. ముందు సంతకం నేను పెడతాను."

పెయింటరు చెయ్యి చాపాడు.

"ఏం కావాలయ్యా? మంచినీళ్ళా?"

అతను నల్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వరండా వెలుతురు ఒక్కసారిగా కొట్టి కంట్లో నీరు తిరిగింది, అది ఆరేదాకా ఆగాడు. చాపిన చెయ్యి తడుముకోలేదు. తిన్నగా ఆమె వేళ్ళ దగ్గరికి వెళ్ళి సూదినీ దారాన్నీ తీసుకుంది.

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

దారం కొసను పెదవులతో తడిపి, కుంచె మొన తీర్చినట్టు వేళ్ళతో నులిమి, సూదిని కంటి దగ్గరగా తెచ్చుకున్నాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి బెజ్జంలోంచి దారం లాగి, కొసన ముడివేసి, ఆమె మొహంలోకి సూటిగా చూస్తూ సూదిని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.