మూడుతో మొదలయ్యే పాట

మర్యాదకు గుర్తుగా నడుముకు చుట్టుకున్న చాపను బిగించుకుని, ఫెలెటీ మాస్టారు నల్లబల్ల మీద అంకెలు వేస్తున్నాడు. మూడు, ఐదు, ఏడు. టోంగా దీవుల్లో పాటను అంకెల్లోనే రాస్తారు. సా అంటే మూడు. మూడే ఎందుకని ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ల సుద్ద ఆయన వేళ్ల గీతల్లో ఇంకిపోయింది.

మేజా మీద కొత్త టాబ్లెట్. శ్రుతి కుదిరితే పచ్చగా, తప్పితే ఎర్రగా వెలుగుతుందట. మాస్టారు దాన్ని ఓరకంట కనిపెడుతూనే ఉన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ లవీనియా తన గుట్టు లాగడానికే తెచ్చిందని ఆయన అనుమానం. ఎడమ చెవి పోయి రెండేళ్లయింది, కుడిదీ అంతంతే. కొడితే మోగే శ్రుతిదండాన్ని దవడకు ఆనించి, ఎముకలోంచి స్వరం పట్టుకుని నెట్టుకొస్తున్నాడు. బయటపడితే బడి గడప తొక్కనిస్తారా?

పిల్లలు పాడారు. మొదటి స్వరానికే ఎరుపు.

"చూశారా! ఒట్టి అబద్ధాలకోరు పెట్టె!"

ముందు వరస లోసా తెరలోకి తొంగిచూసింది. "మీ అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను మాస్టారూ. ఇది ఒకటిని సా అనుకుంటోంది."

"అనుకోదూ మరి! మన పాట దాని మొహానికేం తెలుసు?"

అబ్బ, ఆయనకు ఎంత హాయిగా ఉందో!

లోసా ప్రతి అంకెలోంచీ రెండు తీసేసింది. మళ్లీ పాడారు. అంతా పచ్చ, మగపిల్లల మంద్రం దగ్గర మాత్రం ఎరుపు.

"దానికి మగపిల్లలంటే పడదు కాబోలు," అన్నాడు మాస్టారు. ఎవరూ నవ్వలేదు.

"వాళ్ల శ్రుతి దిగిపోతోంది మాస్టారూ. ఏడాదిగా రోజూ ఇంతే."

"ఏడాదా? చెప్పవేమే?"

లోసా తల దించుకుంది. "పెద్దవాళ్లకి తప్పు చూపిస్తామా? మీకు వినపడటం లేదని మా అందరికీ తెలుసు. పెద్ద టీచరుగారికి మాత్రం చెప్పలేదు."

పెట్టెను అనుమానించాడు, లవీనియాను అనుమానించాడు. ఏడాదిగా తనను కాచుకొస్తున్న ఈ నలభై మందిని మాత్రం ఒక్కరోజూ అనుమానించలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, వినపడని చెవితో సహా.

"శ్రుతి తప్పిన పాట నేర్పానా తల్లీ మీకు?" అన్నాడు.

మధ్యాహ్నం లవీనియా గదికి తనే వెళ్లి, చెవి పోయిందనీ, రేపటినుంచి రాననీ చెప్పాడు.

"ఉండండి మాస్టారూ. ఆ పెట్టె మీకు సాయానికే తెచ్చాను," అందామె. నమ్మాడో లేదో, చాప సర్దుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పిల్లలు వచ్చేసరికి మాస్టారు లేడు, నల్లబల్ల మీద అంకెలు అలాగే ఉన్నాయి. టాబ్లెట్ పక్కన శ్రుతిదండం ఉంది. దాని కాడ చివర, రెండేళ్లు దవడకు ఆనించిన చోట, ఇనుము మెరుస్తోంది.