మూడున్నర మీటర్ల రహస్యం

నేను ఒక సీరియల్ రూటర్ మాడ్యూల్‌ని. అరచేతిలో ఇమిడే పలకని. పాత యంత్రాలకు గుసగుసలు రావు. ఏ మాటైనా తీగ మీద బాహాటంగా చెప్పేస్తాయి. ఆ మాటను పట్టి, ఎవరికీ అర్థంకాని సంకేతంగా మార్చి, అవతలి కొసన ఉన్న నా జోడుకు మాత్రమే అందించడం నా వృత్తి. చెన్నై పక్కన ఒక ఫ్యాక్టరీలో, తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను అతికించారు. అంత శ్రద్ధగా పట్టుకున్న చేతులు నాకు మళ్లీ తగల్లేదు.

గరికిపాలెం మున్సిపాలిటీ వారు నన్ను కొన్నారు. ఏటి ఒడ్డున వారి పంపుహౌసు, ఆరు కిలోమీటర్ల అవతల ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో ఇరవయ్యేడేళ్లుగా ఒక పాత తీగ పంపుహౌసుకు చెబుతోంది. ఆ అంకె చూసి పంపు వేసేదీ ఆపేదీ ఆపరేటర్ తవిటినాయుడు.

ఆ తీగ మాట శత్రువులు వినేస్తారని డీఈ సుదర్శనరావు గారికి బెంగ పట్టుకుంది.

“ట్యాంకు నిండినాదని ఇంటే శత్రువేటి సేస్తాడు సార్? బిందట్టుకొస్తాడా?” అన్నాడు తవిటినాయుడు.

డీఈ గారి భయం ఉత్తది కాదు. ఆ తీగ మీద ఎవడైనా దొంగ అంకె ఎక్కిస్తే పంపులు మాడి మసవుతాయి. ఆ సంగతి విడమరిచి చెబితే తవిటినాయుడు ఒప్పుకునేవాడే. ఎవరూ చెప్పలేదు, సంతకం పెట్టమన్నారంతే.

నన్ను పంపుహౌసులో, నా జోడును ట్యాంకు దగ్గర బిగించారు, కొబ్బరికాయ కొట్టారు. చేత్తో వేసే స్విచ్చుకు లక్క సీలు వేశారు. ఇకమీదట నేనిచ్చే అంకెను బట్టి పంపు తనంతట తానే తిరుగుతుంది. నా సంకేతానికి గడువు ఒక్క ఏడాది. దాన్ని పొడిగించే పాస్‌వర్డును సుదర్శనరావు గారు, భద్రత కోసం, తన సొంత డైరీలో రాసుకున్నారు. ఎనిమిది నెలలకు ఆయనకు బదిలీ అయింది. ఆయనతోపాటు డైరీకీ అయింది.

వైశాఖమాసంలో ఒక ఉదయం నా గడువు తీరింది. గడువు తీరాక ఎవరినీ నమ్మకూడదని నాకు నేర్పారు. నమ్మలేదు. నోరు మూసుకున్నాను. అంకె అందక పంపులు నిలిచిపోయాయి.

మధ్యాహ్నానికల్లా ట్యాంకు కాపలా ఉండే నీలవేణి ఫోన్ చేసింది. “బాబాయ్, ట్యాంకులో సుక్క నేదు. ఆసుపత్రిలో పురుళ్ల వార్డుకి నీలు రావట్లేదంట. నర్సమ్మ బకెట్టట్టుకుని నా కాడికొచ్చి నిలబడిపోనాది.”

తవిటినాయుడు కొత్త డీఈ వేదవ్యాస్ గారికి ఫోన్ చేశాడు.

“సీలు ముట్టుకోవద్దు. కంపెనీ మనిషి ఎల్లుండి వస్తాడు.”

“ఎల్లుండి దాకా పురుళ్లు ఆగమని సెప్పమంటారా సార్?”

అవతల ఫోన్ పెట్టేశారు.

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్న మనిషి ఆ స్విచ్చు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తువ్వాలుతో రెండుసార్లు చేతులు తుడుచుకున్నాడు. స్పానరు ఎత్తి లక్క మీద ఒక్కటేశాడు.

పంపు తిరిగింది. మరి ఎప్పుడు ఆపాలి? నీలవేణి అరవైరెండు మెట్లెక్కి, తాడుకు రాయి కట్టి ట్యాంకులోకి జారవిడిచి, తడిసిన మేర మీటర్లలో కొలిచి, ఫోన్లో అరిచింది. “రెండు... రెండున్నర... మూడున్నర అయిపోనాది బాబాయ్, ఆపెయ్!” రెండు రోజులు, పూటకోసారి, ఆ పిల్ల అలా ఎక్కుతూ దిగుతూనే ఉంది. నేను పక్కనే ఎర్రదీపం వెలిగించుకుని, నా రహస్యాన్ని నా యజమానుల నుంచి నిష్ఠగా కాపాడాను.

మూడోనాడు కంపెనీ మనిషి వచ్చి నా నోరు తెరిపించాడు. “పరికరం అద్భుతంగా పనిచేసింది” అని రాసిచ్చాడు. నాకు ఆ యోగ్యతాపత్రం, తవిటినాయుడికి మెమో. నేరాలు రెండు. ఒకటి, సీలు పగలగొట్టుట. రెండు, ట్యాంకు నీటిమట్టమనే గోప్య సమాచారాన్ని మామూలు ఫోనులో బయటపెట్టుట.

“ఉజ్జోగం తీసెత్తారేటి బాబాయ్?” అని నీలవేణి ఏడుపు గొంతుతో అడిగింది.

“నువ్వెక్కిన మెట్లు నానెక్కగల్నేటమ్మా? నా సేతనైంది నాను సేసినాను. తీత్తే తియ్యనీ.”

జవాబు తనే రాశాడు: ‘అయ్యా, సీలు పగలగొట్టిన మాట వాస్తవం. రెండో విషయం మేమిద్దరం దాచినా దాగేది కాదు. ఊళ్లో అందరూ కుళాయి తిప్పి తెలుసుకున్నారు.’

ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోయింది. శిక్ష వేయాలంటే పురుళ్ల వార్డు సంగతి రాయాలి. వదిలేయాలంటే డైరీ సంగతి రాయాలి. అంచేత ఎవరూ ఏమీ రాయలేదు.

నెల తిరక్కుండానే స్విచ్చుకు మళ్లీ సీలు వేయడానికి మనిషొచ్చాడు. తవిటినాయుడు అడ్డు చెప్పలేదు. లక్క కరిగేదాకా పక్కనే నిలబడి చూశాడు.

“ఎయ్యి బాబూ, ఎయ్యి,” అన్నాడు. “కాత్తంత పల్సగా ఎయ్యి.”