నడిమి నలుపు

"రుద్దేదానికి తెలివెందుకే? చెయ్యాడితే సాలు."

పెళ్లైన కొత్తలో అత్త శివమ్మ అన్న ఈ మాట, సానరాయి పట్టినప్పుడల్లా మహాలక్ష్మికి గుర్తొస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఆ రాయి పట్టుకునే ఉంది. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్డులో భర్త కిరణ్ బొమ్మలు చెక్కుతాడు, ఆమె నీళ్లు పోస్తూ వాటిని రుద్దుతుంది. ఉలి దెబ్బలకు బూడిదరంగు తేలిన రాయి ఆమె చేతుల్లోనే నల్లబడుతుంది. కొనేవాళ్లు మాత్రం "ఏం ఉలి అప్పా నీది!" అని కిరణ్ భుజం తడతారు. ఆమె లోపలికెళ్లి వాళ్లకు టీ పెడుతుంది.

ఈసారి వచ్చింది దేవుడి బొమ్మ కాదు. నంద్యాలలో ఒక బడి ఆవరణలో పెట్టడానికి బండిచక్రమంత గెలాక్సీ కావాలట. సైన్సు టీచర్ ఇంద్రజ బొమ్మ గీసుకొచ్చింది. చుట్టలు తిరిగిన చేతుల్లాంటి పాయలు, వాటి నిండా నక్షత్రాలు, నడుమ కృష్ణబిలం. కిరణ్ ఫోన్ మాట్లాడుతూ అవతలికి పోతే, టీచర్ చెప్పింది విన్నది మహాలక్ష్మి ఒక్కతే.

"అది అన్నిట్నీ మింగుతాదంట గదా మేడమ్?"

"మింగేది కొంచెమే అక్కా. దగ్గరికొచ్చిన వాయువులో శానా భాగం మింగకుండానే బయటికి విసిరికొడ్తాది. ఆ ఊపు గెలాక్సీ అంతా పాకుతాది. వాయువు చల్లబడి ముద్ద కడితేనే నక్షత్రం పుట్టేది. ఇది దాన్ని వేడి చేసి చెదరగొడితే పుట్టేది ఆగిపోతాది. ఒక్కోచోట నొక్కిపెట్టి కొత్తవాటిని పుట్టిస్తాది గూడా."

"కనపడదు గదా, ఉందని ఎట్ల తెలిసె?"

"చుట్టూ తిరిగే చుక్కల్ని చూసి కనుక్కున్నారు. మన పాలపుంత నడుమ ఉండేదాని బరువు నలభై లక్షల సూర్యుళ్లంత."

ఆ రోజు అన్నం మాడింది. శివమ్మ తిట్లు ఒక్కటీ మహాలక్ష్మి చెవికెక్కలేదు. కనపడనిది నడుమ కూర్చుని ఇంత పని చేస్తుందా! ఎన్ని చుక్కలు పుట్టాలో, ఎక్కడ ఆగాలో అది చెబుతుందా! ఇంతకాలం రాత్రిళ్లు దొడ్లో గిన్నెలు తోముతూ తలెత్తి ఏం చూసినట్టు? గుండె చిన్నపిల్లకు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. కిరణ్ చెక్కి ఇచ్చాక ఆమె తీర్మానించుకుంది: చుట్టూ ఉన్న నక్షత్రాల్ని ఉలి గరుకుతోనే వదిలేయాలి, అవి తెల్లగా మెరవాలి. నడుమ మాత్రం అరచేతంత నలుపు. ఎవరినీ అడగకుండా మూడు రోజులు, రాయి మార్చి రాయితో రుద్దింది. నీళ్లు తుడిచి చూసుకుంటే చూపు జారి లోపలికి పోయేంత నలుపు. ఒక్కతే పకపకా నవ్వింది.

చివరిరోజు కిరణ్ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చిన్న ఉలి, సుత్తి తీసుకుని వచ్చాడు. ఏ బొమ్మకైనా ఉలితో చెక్కి కళ్లు తెరిచేది ఆఖరునే, తెరిచేది శిల్పే.

"జరుగు మే. నడుమ కన్ను తెరుస్తా."

"దీనికి కన్ను లేదు. ఉలి తగిలితే తెల్లబడతాది." మహాలక్ష్మి ఆ నలుపు మీద చెయ్యి పెట్టింది.

"కన్ను తెరవకుండా ఏ బొమ్మన్నా ఈ షెడ్డు దాటిందా? రాయి రుద్దినోళ్లంతా శిల్పులైతే మేమేం గావాల? చెయ్యి తియ్."

ఆమె తీయలేదు. రెండో అరచెయ్యి కూడా ఆ నలుపు మీద పరిచింది. తనకు భయం వేయలేదని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"చుట్టూరా వెలుగంతా నువ్వు చెక్కిందే. శానా బాగుంది. ఇది నా పని. ఉలి తగలనియ్య."

"మొగోనికి అడ్డం పోతావేందే?" గడపలోంచి శివమ్మ కేకేసింది.

కిరణ్ పైకెత్తిన సుత్తి అలాగే ఉంది. ఆ చేతుల్నీ, వాటి చుట్టూ తిరుగుతున్న తన చుక్కల్నీ చూశాడు. సుత్తి మెల్లగా దిగింది.

అంతలో ఫోన్ మోగింది. ఇంద్రజ. "అన్నా, రేపు బడిలో దీని గురించి పిల్లోళ్లకు మీరే నాలుగు మాటలు చెప్పాల."

"ఏం చెప్పాల మేడమ్?" అన్నాడు కిరణ్, నడిమి నలుపు వైపు చూస్తూ.

మహాలక్ష్మి ఒక చెయ్యి రాతి మీదే ఉంచి, రెండో చేత్తో ఫోన్ అందుకుంది.

"రేపు నేనొస్తాండా మేడమ్. చుక్కలు చెక్కింది ఆయప్ప. నడుమది ఎవరు చేసినారో పిల్లోళ్లకు నేనే చెప్తా."