పొయ్యి పక్కన ప్రాసెసర్

"ఆ పెట్టె మీదుండే ధ్యాస ఈ పులుసు మీదుంటే ఇల్లు ఎప్పుడో బాగుపడేది" అంది అత్త బడేబీ. షమా పులుసు కలుపుతూనే ఉంది. కాకపోతే కళ్ళు మాత్రం వంటింటి కిటికీ అవతల, రేకుల గదిలోని కంప్యూటర్ తెర మీద ఉన్నాయి. తెర మీద అంకె తొంభై ఆరుకు ఎక్కింది. అది లోపలి ప్రాసెసర్ వేడి. అది వందకు చేరేలోపు పని పూర్తవుతుందా లేదా అన్నది షమా బెంగ. పులుసు అడుగంటుతుందేమో అన్నది అత్త బెంగ. రెండు బెంగలూ ఒక్క మనిషే పడాలి ఆ ఇంట్లో, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పెన్ను పట్టుకుని.

బోగోలులో వాళ్ళ ఇల్లు, కావలిలో భర్త ఆసిమ్ షాపు. కంప్యూటర్లు బిగించి అమ్మడం అతని వ్యాపారం. కొత్త ప్రాసెసర్ ఏది వచ్చినా ముందు ఒకటి ఇంటికొస్తుంది, అతని భోజనం క్యారేజీ వెళ్ళొచ్చే సంచిలోనే. షమా దాన్ని రేకుల గదిలో బిగించి, గంట నిడివి పెళ్ళి వీడియో ఒకటి ఎక్కించి, అది తయారై బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాస్తుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. షమా అదే పరీక్ష రెండుసార్లు చేస్తుంది. మొదటిది పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందు. రెండోది పదకొండున్నరకు, పొయ్యి మండుతుండగా, వంటింటి కిటికీ బార్లా తెరిచి. ఎందుకమ్మా ఈ పిచ్చి అంటారేమో. ఇంటర్నెట్టులో పేరున్నవాళ్ళు చేసే పరీక్షలన్నీ ఏసీ గదుల్లోనివి. ఇక్కడ కొనేదెవరు? మనుబోలు నుంచి కావలి దాకా ఫొటో స్టూడియోల వాళ్ళు, ఆన్‌లైన్ సెంటర్ల వాళ్ళు. మే నెలలో, సముద్రపు ఉక్కలో, రేకుల కింద కూర్చుని బతుకు ఈడ్చేవాళ్ళు. ప్రాసెసర్ అన్నది వేడి మితిమీరితే కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది. చల్లటి గదిలో దాని వేగం చూసి డబ్బు పోస్తే, ఇంటికి తెచ్చుకున్నాక ఆ వేగం కనపడదు. అందుకని ధరకు తగ్గ పని చేస్తుందో లేదో తేల్చాల్సింది పొయ్యి పక్కనే. ఇది షమా ఎక్కడా చదవలేదు, సొంతంగా కనిపెట్టింది. నెల్లూరు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా ఫస్టున పాసైన పిల్ల మరి. పెళ్ళిచూపుల్లో ఆ సర్టిఫికెట్టు చూసి మామ సిలార్ "షాపుకి పనికొస్తాదిలే" అన్నాడు. పనికొచ్చింది.

ఆమె తేల్చినదంతా ఒక పేజీలో సర్ది ఇస్తే, ఆసిమ్ పైన తన ఫొటో, షాపు పేరు వేసి ప్రింటు తీసి కౌంటరు మీద అంటిస్తాడు, వాట్సాప్ గ్రూపుల్లో పెడతాడు. జిల్లాలో అందరూ దాన్ని ఆసిమన్న కాగితం అంటారు. ఆసిమన్న కాగితం చూడందే కంప్యూటర్ కొనని స్టూడియోలు ఎన్నో. కింద ఒక మూల తన పేరు కూడా వెయ్యమని పెళ్ళైన కొత్తలో అడిగింది షమా. "నీ పేరేస్తే నమ్మి ఎవురు కొంటారు చెప్పు" అన్నాడు అతను, కోపంగా కూడా కాదు, లెక్క తెలియని పిల్లకు చెప్పినట్టు. ఆమె మళ్ళీ అడగలేదు. పేరు ఆయనదైతేనేం, మాట నాది కదా అని సర్దుకుంది. ఆ సర్దుబాటు మీదే ఆరేళ్ళు కాపురం నడిచింది.

ఈసారి వచ్చింది పద్నాలుగు కోర్లది. కోర్లంటే లోపల పనిచేసే చేతులనుకోండి. పాతదానికి ఆరే చేతులు, ధర మాత్రం ఇందులో సగం. పొద్దున చల్లపూట కొత్తది పెళ్ళి వీడియోను ఇరవై నాలుగు నిమిషాల్లో చేసి పారేసింది, పాతదానికి ముప్ఫై పట్టింది. ఆహా అనుకుంది షమా. పొయ్యి వెలిగించాక కథ అడ్డం తిరిగింది. కొత్తది వంద డిగ్రీలు తాకి, నత్తనడక పట్టి, నలభై నిమిషాలు లాగింది. ఇంకోసారి చేస్తే మధ్యలోనే ఆరిపోయింది. పాతది ముప్ఫై రెండులో ముగించి ఊరుకుంది. మూడు రోజులు వరసగా చేసినా అదే తీరు. రెండు వరుసల అంకెలూ రాసి, కింద "ఏసీ లేని గదికి ఇది వద్దు. సగం ధరకొచ్చే పాతదే మేలు" అని రాసింది. ఆ 'వద్దు' రాసేటప్పుడు ఆమెకు కలిగే సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేనిది. ఏ కూర వండాలి, పుట్టింటికి ఎప్పుడు పోవాలి, ఎన్ని రోజులుండాలి, పిల్లలు ఎప్పుడు కావాలి, వీటిలో ఒక్కదానికీ ఆమె వద్దంటే చెల్లదు. ఈ ఒక్క కాగితం మీద మాత్రం ఆమె వద్దంటే మనుబోలు దాకా వద్దే. లోకంలో తనదంటూ ఆమెకు మిగిలింది ఆ మాట ఒక్కటే, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆసిమ్ కాగితం చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇరవై డబ్బాలు దింపుకున్నాం గదా షమా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాపం, సరుకు ఎట్లా వదిలించుకోవాలా అని దిగులు కాబోలు అనుకుంది ఆమె.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం, మగవాళ్ళు జుమ్మా నమాజుకు పోయిన వేళ, ఇంటి ముందు ఆటో ఆగింది. వీధి చివర పెళ్ళి వీడియోలు చేసే ధనలక్ష్మి కంప్యూటర్ పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని దిగింది. కావలి పోతే షాపు మూసుందని ఇంటికొచ్చానంది. కొత్త పద్నాలుగు కోర్లది కొన్నానని, గంట తిప్పితే ఆరిపోతోందని, ముహూర్తాల నెలలో నాలుగు పెళ్ళిళ్ళ పని నిలిచిపోయి పెళ్ళివారు ఫోన్లో నోటికొచ్చినట్టు తిడుతున్నారని చెబుతూ కళ్ళు తుడుచుకుంది. కాగితం చూడలేదా అని షమా అడిగింది. "చూడకుండా ఎట్ట కొంటా వదినా, ఇదిగో" అని ధనలక్ష్మి ఫోన్ చూపించింది.

ఆసిమ్ నవ్వు మొహం కింద ఒకే వరుస ఉంది. చల్లపూట వరుస. పొయ్యి వెలిగించాక వచ్చిన అంకెలు లేవు. కింద "పెళ్ళి వీడియోలకు ఇదే మేలు" అని ఉంది. అంకెలు తనవే, ఒక్కటి కూడా మార్చలేదు. సగం తీసేశాడంతే. ఇంతకుముందు ఎన్ని కాగితాల్లో ఇట్లా తీసేశాడో, ఎవరెవరు కొన్నారో అనుకుంది షమా. భర్త పరువా, ఈ మనిషి పనా అని ఎంతోసేపు ఆలోచించలేదు. వంటింట్లోకి పోయి పసుపు మరకలున్న నోటుబుక్కు తెచ్చి ధనలక్ష్మి ముందు తెరిచింది.

"ఆ కాగితం రాసింది నేను వదినా. కొనొద్దనే రాసినా. సగం తీసేసినారు."

ధనలక్ష్మి బుక్కు వైపు చూసింది, షమా మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో ఏదో కరిగింది. షమా చెయ్యి పట్టుకుంది.

"అన్నకి మాట రాకూడదని, రాసింది నువ్వని, సగం ఎవురో తీసేసినారని చెప్పి తప్పు నీ మీదేసుకుంటా ఉండావు. నా మొగుడికోసం నేను ఎన్నిసార్లు ఇట్ట చెప్పలేదు వదినా. నువ్వు రాయడమేంది, నీకేం తెలుస్తాదని. అన్న రానీ, అన్నే చూస్తాడు."

షమా మరోసారి చెప్పింది. రేకుల గదిలోకి తీసుకుపోయి చూపించింది, వేడి అంకెలు చదివింది, పెళ్ళికి ముందు చదివిన చదువు చెప్పింది. చెప్పేకొద్దీ ధనలక్ష్మికి జాలి ఎక్కువైంది. మంచం మీదున్న బడేబీ కూడా "నా కోడలు అట్టాంటి మనిషేలే, మొగుణ్ణి పల్లెత్తు మాట పడనీదు" అని మొదటిసారి కోడలివైపు మాట్లాడింది. అంతలో ఆసిమ్ వచ్చాడు. పెట్టె తెరిచినట్టు చేసి మూసి, మిషన్‌లో లోపమేం లేదు, నీ గదే వేడి, ఏసీ పెట్టించుకో చెల్లెమ్మా అన్నాడు. ధనలక్ష్మి తల ఊపింది. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "వదిన నీకోసం ఎంత అబద్ధమాడిందో తెలుసా అన్నా, అదృష్టవంతుడివి" అంది.

ఆసిమ్ మొహంలో ఒక్క క్షణం రక్తం లేదు. షమా చెప్పినా ధనలక్ష్మి నమ్మలేదని అర్థమయ్యాక తేలిగ్గా నవ్వాడు. చెయ్యి కడుక్కుంటూ "చెప్పినావా" అన్నాడు. ఆమె ఊ అంది. "చెప్పుకో" అన్నాడు, అన్నానికి కూర్చున్నాడు.

అతను కొట్టినా బాగుండేదేమో. కొట్టాడని చెప్పుకుంటే కనీసం నమ్మేవాళ్ళుంటారు. ఆ సాయంత్రం షమా అమ్మకు ఫోన్ చేసి అంతా చెబితే, మీ ఆయన తాగడు, తిరగడు, ఇంట్లోనే కంప్యూటర్ ఇచ్చి కూర్చోబెట్టాడు, నీకు ఇంకేం తక్కువైందని అమ్మ అడిగింది. తనే ఇంకో కాగితం రాసి ఆయన ఫోన్‌లోంచి గ్రూపుల్లో పెడితే? ఆసిమన్న ఫోనెవరో దొంగిలించారనుకుంటారు. షాపులో కూర్చుంటే? కొనేవాళ్ళు ఆమెను మంచినీళ్ళడిగి, ఆసిమన్న ఎప్పుడొస్తాడంటారు. అబద్ధం రాసిన వాణ్ణి నమ్మారు, నిజం చెప్పిన మనిషిని మొగుడికోసం అబద్ధమాడిందని మెచ్చుకున్నారు. ఏ దారీ కనపడలేదు. ఉందేమో, ఆమెకు తెలియలేదు.

సోమవారం మరో ప్రాసెసర్ వచ్చింది, ఇరవై కోర్లది. షమా దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. పొద్దున పరీక్ష పెట్టలేదు. పదకొండున్నరకు పొయ్యి వెలిగించింది, కిటికీ తెరవలేదు. అన్నం ఉడికేలోపు డబ్బా మీద అచ్చేసిన గొప్పలన్నీ తెలుగులోకి దించి, తోచిన అంకెలు నాలుగు వేసి, కింద "పెళ్ళి వీడియోలకు తిరుగులేదు" అని రాసింది. మధ్యలో పెన్ను ఆగుతుందనుకుంది, ఆగలేదు. దానికే ఆమెకు భయం వేసింది. మర్నాడు పొద్దున కాగితమూ డబ్బా ఆసిమ్ చేతికిచ్చి అక్కడే నిలబడింది. పట్టుకుంటాడు, ఈ అంకెలు ఎక్కడివని అడుగుతాడు, పరీక్ష చెయ్యకుండా ఎట్లా రాసినావని తిడతాడు. తిట్టాలని ఆమె ప్రాణమంతా కోరుకుంది. ఒక్క తిట్టు తిడితే చాలు, ఇన్నాళ్ళూ ఆ పరీక్షకు అతని దగ్గరైనా విలువుందని తెలుస్తుంది.

ఆసిమ్ కాగితం చదివాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, అంచున అతికించిన సీలు మీద బొటనవేలు పెట్టి ఆగాడు.

"సీలు తియ్యకుండానే రాసినావా?"

"ఊ."

"మంచి పని చేసినావు. సీలుంటే కొత్తదాని కిందే అమ్ముకోవచ్చు. ముందునించే ఇట్ట చేసుంటే సరిపోయేది గదా" అని డబ్బాను క్యారేజీ పక్కన సంచిలో పెట్టుకుని, ఆమె భుజం తట్టాడు.

ఆరేళ్ళలో అతను ఆమె పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.