బుగ్గల నిండా గాలి

బ్రూక్లిన్‌లో బ్రౌన్స్‌విల్ వైపున్న ఆ ఎర్ర ఇటుకల భవనంలో రెండు బళ్ళున్నాయి. అలా అంటే కలిసిమెలిసి ఉన్నట్టు వినిపిస్తుంది గానీ, ఒకే వంటింట్లో వేరే పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్ళ కాపురం అది. కింది రెండు అంతస్తులూ మామూలు సర్కారు బడివి. ఆ పై అంతస్తు చార్టర్ బడిది. దానికీ డబ్బు సర్కారుదే, పెత్తనం మాత్రం ఎక్కడో కూర్చున్న ట్రస్టు పెద్దలది, సీటు కావాలంటే లాటరీలో పేరు రావాలి. పేటలో ఎవరూ వాటి అసలు పేర్లు పలకరు. పై బడి, కింది బడి, అంతే. పై బడి పిల్లలు వీధి వైపు నీలం తలుపులోంచి వస్తారు. కింది బడి పిల్లలు చెత్త డబ్బాల పక్కనున్న ఆకుపచ్చ తలుపులోంచి వస్తారు. లోపల మెట్ల దగ్గర ఒక తలుపుంది, దానికి తాళం. పై బడి వాళ్ళు భోజనానికి దిగేటప్పుడే తీస్తారు.

షెరిస్ బాటిస్ట్ కొడుకు ఎమరీ నీలం తలుపు పిల్లవాడు. లాటరీలో వాడి పేరు పిలిచిన రోజు ఆమె కుర్చీ ఎక్కి మరీ ఏడ్చింది. సిటీ బస్సు నడిపే మనిషి, గొంతు పెద్దది, ఏడుపూ పెద్దదే. ఆ తర్వాత డిపోలో కనపడ్డవాళ్ళందరికీ పై బడి గొప్పలు చెప్పేది. అక్కడి పిల్లలు వరండాలో నడిస్తే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, బుగ్గల నిండా గాలి పట్టాలి. నోట్లో గాలి ఉంటే మాట ఎలా వస్తుంది? దాన్ని వాళ్ళు బుడగ పట్టడం అంటారు. ఎమరీ ఇంట్లో అద్దం ముందు నిలబడి పట్టడం నేర్చుకునేవాడు. ఎంతసేపు నిలిపినా చివరికి ఫక్కున నవ్వేవాడు.

"పిల్లల్ని పెంచుతున్నారా, చేపల్నా?" అనేది షెరిస్ అక్క డెల్ఫీన్.

డెల్ఫీన్ కింది బడిలో టీచరు. కుదురుగా కూర్చోలేని పిల్లలు, పుస్తకం తెరిస్తే అక్షరాలు అటూ ఇటూ పరిగెత్తినట్టు కనపడే పిల్లలు, చిన్న చప్పుడైనా చదువు మొత్తం చెదిరిపోయే పిల్లలు ఆమె దగ్గరికి వస్తారు. రెండో అంతస్తు చివర ఒక చిన్న గదిలో ఒకళ్ళనో ఇద్దర్నో కూర్చోబెట్టుకుని చదివిస్తుంది.

ఆ ఏడాది వసంతంలో పై బడి వాళ్ళకి ఇంకో గది కావాల్సొచ్చింది. అదెవరి గదో వేరే చెప్పాలా!

జిల్లా అధికారులు బడి హాల్లోనే సభ పెట్టారు. పై బడి వాళ్ళు తల్లిదండ్రులందరికీ నారింజ రంగు చొక్కాలు పంచారు. ఎవరు మాట్లాడితే బావుంటుందో కూడా వాళ్ళే చూసుకున్నారు. షెరిస్ కన్నా మంచి గొంతు ఎవరికుంది? ఆమె మైకు పట్టుకుంది.

"నేనీ కింది బడిలోనే చదివానండీ. ఐదో తరగతిలో ఏడాదంతా మాకు లెక్కల టీచరే లేదు. రోజుకో కొత్త మొహం వచ్చేది, పేపరు చదువుకుని పోయేది. నీకేమొచ్చు, ఏం రాదు అని నన్ను అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. నా కొడుక్కి ఆ గతి పట్టనివ్వను. పైన పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చుంటున్నారు. కింద చూస్తే ఒక గదిలో ఇద్దరు పిల్లలు, ఒక టీచరు! ఇద్దరికి ఒక గదా? మరి మావాళ్ళు పిల్లలు కారా?"

నారింజ చొక్కాలన్నీ లేచి నిలబడ్డాయి. చప్పట్లకి హాలు దద్దరిల్లింది. షెరిస్ ఒళ్ళంతా పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన మాట విన్నది ఆ రోజే.

తర్వాత డెల్ఫీన్ లేచింది. ఇద్దరు పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ ఆమెకి గొంతు పెంచడం అలవాటు తప్పింది.

"ఆ ఇద్దరూ వెళ్ళాక ఇంకో ఇద్దరొస్తారండీ. రోజంతా వస్తూనే ఉంటారు. వాళ్ళకి మూసుకునే తలుపొకటి కావాలి. అంతకన్నా నేనేమీ అడగట్లేదు."

వెనక వరసల వాళ్ళకి అదీ వినపడలేదు. వినపడని మాటకి చప్పట్లెవరు కొడతారు?

బయట మెట్ల మీద అక్క చెల్లెల్ని ఆపింది.

"ఆ గది ఎవరిదో తెలిసే మాట్లాడావా?"

"తెలుసక్కా. అయినా అమ్మేమన్నా నీ పేర రాసిచ్చిందా దాన్ని?"

"రాసిచ్చుంటే నిన్ను గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు."

"నేనన్నదాంట్లో అబద్ధం ఏముందో చెప్పు. లెక్కల టీచరు లేని మాట అబద్ధమా? నువ్వూ అక్కడే ఏడ్చావుగా!"

"అబద్ధం కాదు. అందుకే నేను టీచరయ్యి అక్కడికే వెళ్ళా. నువ్వేమో చొక్కా తొడుక్కున్నావు."

ఆ ఆదివారం నుంచి చర్చి అయ్యాక అక్క ఇంట్లో భోజనాలు ఆగిపోయాయి. డెల్ఫీన్ చేసే చీజ్ మాకరోనీ కోసం ఎమరీ రెండు వారాలు గోల పెట్టి, తర్వాత అడగడం మానేశాడు. వేసవి సెలవుల్లో గది చేతులు మారింది. తలుపు మీద పై బడి వాళ్ళు ఏదో యూనివర్సిటీ జెండా తగిలించారు.

సెలవులయ్యాక ఎమరీ మూడో తరగతికొచ్చాడు. మూడో తరగతి నుంచే సర్కారు పరీక్షలు. ఆ మార్కులు చూపించుకునే పై బడి వాళ్ళు ఊరంతా బోర్డులు పెట్టుకుంటారు. షెరిస్ నడిపే బస్సు పక్కన కూడా పళ్ళికిలించిన పిల్లవాడి బొమ్మతో ఒక బోర్డుండేది. దాన్ని మోసుకుంటూ తిరుగుతుండగానే ఆమెకి ఫోన్లు మొదలయ్యాయి. ఎమరీ కుర్చీలో నిలవడం లేదు. ఎమరీ పాఠం మధ్యలో కూనిరాగాలు తీస్తున్నాడు. వరండాలో బుడగ వదిలేశాడు, వరసలో అందరికీ నవ్వొచ్చింది. వచ్చి తీసుకెళ్ళండి.

స్టీరింగు పట్టుకున్న మనిషి ఫోనెలా తీస్తుంది? చివరి స్టాపులో ఆపి చూసుకునేసరికి అన్నీ తప్పిన కాల్సే. మొదట్లో తోటి డ్రైవర్లని బతిమాలి డ్యూటీ మార్చుకుని పరిగెత్తింది. తర్వాత్తర్వాత వాళ్ళూ మొహం చాటేశారు. ఆఫీసు బల్ల పక్కన కోటు తొడుక్కుని, సంచీ భుజానేసుకుని కూర్చునుండేవాడు ఎమరీ. "అమ్మా, ఇవాళ మెట్ల దాకా పట్టాను" అనేవాడు. అసలు సంగతి వేరే ఉంది. వాడికి చదవడం రావట్లేదు. రెండో తరగతి దాకా పక్కవాళ్ళ నోట విని ఒప్పజెప్పాడు. ఇప్పుడు పేజీ నిండా అక్షరాలొచ్చేసరికి దొరికిపోయాడు.

చలి ముదిరాక పై బడి ప్రిన్సిపాల్ ఎల్స్‌వర్త్ ఆమెని పిలిపించాడు. పాతికేళ్ళ పైన పెద్దగా ఉండడు. పెద్ద కుర్చీ ఆమెకిచ్చి, తను పిల్లల కుర్చీలో కూర్చున్నాడు. మర్యాదకేం లోటు లేదు.

"ఎమరీ అంటే మా అందరికీ చాలా ఇష్టమండీ" అన్నాడు.

"ఇష్టమైతే వారానికి మూడుసార్లు ఇంటికెందుకు పంపిస్తున్నారు సార్?"

"వాడు ఇబ్బంది పడుతున్నాడు, చూడలేకపోతున్నాం. ఇలాగే ఉంటే వచ్చే ఏడాది కూడా మూడో తరగతే చదవాలి. ఆ తర్వాత ఏడాదీ అదే అవ్వొచ్చు. వాడికి కావాల్సిన ఏర్పాట్లు మా దగ్గర లేవు."

"అంటే వెళ్ళిపొమ్మంటారా?"

"అయ్యో, మేమెవర్నీ వెళ్ళమనం. నిర్ణయం పూర్తిగా మీదే."

నిజమే పాపం. వాళ్ళు ఎవర్నీ వెళ్ళగొట్టరు. వాళ్ళంతట వాళ్ళు వెళ్ళిపోయేదాకా మర్యాద చేస్తారు.

"కింద మాత్రం మంచి సదుపాయం ఉందని విన్నాను" అన్నాడు ఎల్స్‌వర్త్, సాయం చేస్తున్నట్టే. "ఇలాంటి పిల్లల కోసమే ఒక టీచరున్నారట. ఒకళ్ళిద్దర్నే కూర్చోబెట్టి చెప్పడానికి వేరే గది కూడా ఉందట."

షెరిస్ అతని మొహంలోకి చూసింది. వెటకారమేమో అనుకుంది. అదీ కాదు. వసంతంలో ఉన్న ప్రిన్సిపాల్ వేరే ఊరు బదిలీ అయ్యాడు, ఇతనికి ఆ సభ సంగతే తెలీదు. వెటకారమైనా బావుండేది, కాస్త కోపం తెచ్చుకునేది.

"ఆ గది ఇప్పుడు మీదే సార్" అంది. "నేనే ఇప్పించాను."

అతను అర్థం కాక మర్యాదగా నవ్వాడు.

పరీక్షలు ఇంకా రెండు నెలలుండగా, కొడుకుని పై బడి మాన్పించే కాగితం మీద షెరిస్ సంతకం పెట్టింది. కొడుకు చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చింది. తాళం వేసుంది. కింది అంతస్తుకి పోవాలంటే నీలం తలుపులోంచి బయటికెళ్ళి, మంచులో భవనం చుట్టూ తిరిగి, చెత్త డబ్బాల పక్కనుంచి ఆకుపచ్చ తలుపులోకి రావాలి. అలాగే వచ్చింది. వాడు దారి పొడుగునా "మనం ఎక్కడికి పోతున్నాం?" అని అడుగుతూనే ఉన్నాడు. "పెద్దమ్మ దగ్గరికి" అంటే సంబరపడ్డాడు. మాకరోనీ అనుకున్నాడు కాబోలు.

డెల్ఫీన్ కింది వరండాలో, తాళం వేసిన ఆ తలుపు పక్కనే, మెట్ల కింద ఒక బల్లా మూడు కుర్చీలూ వేసుకుని కూర్చునుంది. గోడకి ఆనించిన అట్టపెట్టెల్లో ఆమె పుస్తకాలు. పక్కనే వంటశాల, పళ్ళేల మోత. అటూ ఇటూ పోయే పిల్లలు బల్లకి తగులుతూ పోతున్నారు. ఆమె ఎదురుగా ఒక పిల్ల రెండు చెవులూ మూసుకుని చదువుతోంది. షెరిస్‌కి తల కొట్టేసినట్టయింది. గది పోయిందని తెలుసు గానీ, పోయాక ఎక్కడ కూర్చుంటోందో ఇన్ని నెలల్లో ఒక్కసారైనా అడగలేదు.

"ఇక్కడేంటక్కా?" అంది.

"మరెక్కడ? ఉన్న గదులన్నీ కిటకిటలాడుతున్నాయి. ఇది మా దివాణం. రండి, కూర్చోండి."

"ఎమరీని తీసుకొచ్చా."

డెల్ఫీన్ పిల్లవాడి భుజానున్న సంచీ చూసింది, చెల్లెలి మొహం చూసింది. ఖాళీ కుర్చీ ముందుకి జరిపింది. వాడు కూర్చుని వెంటనే వంటశాల వైపు తిరిగి పళ్ళేల మోత వినసాగాడు.

"అక్కా, వీడికి ఈ గోలలో చదువెలా వస్తుందే? ఇంకో గదేదన్నా అడగొచ్చుగా. నువ్వు అడగవు. నోరు తెరిచి అడగాలి!"

"నేనడిగా. నా గొంతు వెనక దాకా వినపళ్ళేదట." డెల్ఫీన్ చెల్లెలి వైపు చూడకుండా పుస్తకం తీసింది. "నువ్వడుగు. నీ గొంతు బావుంటుందిగా. ఇద్దరికి ఒక గది కావాలను. ఎవరన్నా చప్పట్లు కొడతారేమో చూద్దాం."

షెరిస్ నిజంగానే అడిగింది. జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగింది. అక్కడ గుమాస్తా ఆమెని గుర్తుపట్టాడు కూడా. "మీరప్పుడు చాలా బాగా మాట్లాడారండీ" అని మెచ్చుకున్నాడు. ఆ గది ఐదేళ్ళకి రాసిచ్చేశారట. నారింజ చొక్కా తల్లులకి ఫోన్ చేస్తే, అయ్యో అంటే అయ్యో అన్నారు. వాళ్ళ పిల్లలు పైనే ఉన్నారు, పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఆమె వాళ్ళని తిట్టుకోలేకపోయింది. పోయినేడు ఇంకొకత్తె ఇలాగే ఫోన్ చేస్తే తను అన్నదీ ఆ అయ్యోనే.

మార్చిలో ఒక సెలవు రోజు చూసుకుని కొడుకు చదువు చూద్దామని వెళ్ళింది. మెట్ల పక్కన గోడకానుకుని నిలబడింది. ఎమరీ అక్షరం కింద వేలు పెట్టి చదువుతున్నాడు. పళ్ళెం మోగినప్పుడల్లా వేలు జారుతోంది. డెల్ఫీన్ ఓపికగా మళ్ళీ పెడుతోంది. మొదటి వాక్యం వాడంతట వాడు పూర్తి చేశాడు. పక్కవాళ్ళ నోట విన్నది కాదు, చదివిందే. షెరిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపున్న గదైతే ఈపాటికి పేజీ చదివేవాడు కదా అని కడుపు మండింది.

అంతలో మెట్ల తలుపు తాళం తీశారు. పై బడి పిల్లలు భోజనానికి దిగుతున్నారు. ఒకరి వెనక ఒకరు, చేతులు వెనక్కి, బుగ్గల నిండా గాలి. బూట్ల చప్పుడు కూడా లేదు.

ఎమరీ చదువుతున్న మాట సగంలో ఆపేశాడు. పుస్తకం మీంచి చెయ్యి తీశాడు. రెండు చేతులూ కుర్చీ వెనక్కి పోనిచ్చి, బుగ్గలు పూరించి, నిటారుగా కూర్చున్నాడు. నవ్వు రాలేదు, కూనిరాగం రాలేదు. వరస సాగుతూనే ఉంది. వాడితో రెండేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్న పిల్లవాడు పక్కనుంచే పోయాడు, తల తిప్పలేదు. తిప్పకూడదు, అది నియమం. ఎమరీ మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, బుగ్గలు మాత్రం సడలలేదు. డెల్ఫీన్ వాడి వీపు మీద చెయ్యి వేసింది. అయినా వదల్లేదు. ఆఖరి పిల్ల మలుపు తిరిగి, తలుపుకి మళ్ళీ తాళం పడ్డాకే గాలి వదిలాడు.

అప్పుడు అమ్మని చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అమ్మా, చూశావా? మొత్తం పట్టాను! ఒక్కసారి కూడా వదల్లేదు. పైకెళ్ళి సార్‌కి చెప్పమ్మా. ఇప్పుడు రానిస్తారు."

హాలంతా దద్దరిల్లేలా మాట్లాడిన గొంతు ఆమెది. వెతుక్కుంటే ఒక్క మాట దొరికింది.

"చెప్తా నాన్నా" అంది, అక్క మొహం చూడకుండా.

"సరే, చెప్తుందిలే" అంది డెల్ఫీన్. వాడి వేలు పట్టుకుని, ఆగిపోయిన మాట కింద మళ్ళీ పెట్టింది.