ఎదురు తిరిగిన రెండు చుట్లు

నేను ఒక ఇనుప పిడిని. పొడవు మూరెడు కూడా ఉండను. గుండె ఆపరేషన్ చేసేటప్పుడు, గుండెను ఆపినంతసేపూ దాని బదులు రక్తాన్ని ఒంట్లోకి తోసే యంత్రం ఒకటుంటుంది. దాని వెనక కొక్కేనికి వేలాడుతుంటాను. కరెంటు పోయి, బ్యాటరీ కూడా చచ్చిన రోజున నన్ను తగిలించి చేత్తో తిప్పాలి. అందుకే నన్ను ముట్టుకునే రోజు రాకూడదని అందరూ మొక్కుకుంటారు. దసరాకు మాత్రం నాకూ బొట్టు పెడతారు. బ్యాటరీ మార్చమని మూడుసార్లు కాగితం పెట్టినా కదలని ఆసుపత్రివాళ్ళు, బొట్టు మాత్రం మర్చిపోరు.

గుంటూరులో ఆ యంత్రం నడిపేది ఇమ్మానుయేల్ సార్. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది అంకమ్మ, పల్నాడు పిల్ల. సార్ గొట్టాల్లో నీళ్ళు నింపి, నన్ను ఆమె చేతికిచ్చి తిప్పించేవాడు. ఆ పిల్ల చెయ్యి ఎప్పుడూ ఎదురే తిరిగేది.

"అది మీ ఇంట్లో తిరగలి కాదమ్మా! బాణం ఎటుంది?"

"కుడికి సార్. చెయ్యే మాట వినట్లా."

"వినాల. ఎదురు తిప్పావంటే మనిషిలోంచి రక్తం వెనక్కి లాగుద్ది. గాలి దూరుద్ది. అది మెదడుకెక్కితే చెయ్యో కాలో పడిపోద్ది."

చిన్నప్పటి నుంచీ తిరగలిని ఎడమకు తిప్పి కందులు విసిరిన చెయ్యి అది. నెల రోజులకు దారికొచ్చింది. వచ్చిందనే అనుకున్నాం.

సాంబయ్య మిర్చి యార్డులో హమాలీ. గుండె కవాటం మార్చాలని బల్ల మీద పడుకోబెట్టారు. గుండె ఆపిన అరగంటకు కరెంటు పోయింది. బ్యాటరీ కిక్కురుమనలేదు. సార్ నన్ను తగిలించి తిప్పాడు. తొమ్మిది నిమిషాలకు ఆయన భుజం పట్టేసింది.

"అంకమ్మా, అందుకో!"

అందుకుంది. ఆ కంగారులో చెయ్యి మళ్ళీ తిరగలి దగ్గరికే పోయింది. సార్ కేక వేసేలోపు రెండు చుట్లు ఎదురు తిరిగాను. ఇనుముకు అడ్డం చెప్పే నోరు లేదు.

తర్వాత సరిగ్గానే తిప్పింది, జనరేటర్ అందుకునేదాకా. సాంబయ్య బతికాడు. మెలకువొచ్చాక కుడిచెయ్యి మాత్రం లేవలేదు.

"రిపోర్టులో కరెంటు పోయిందని మాత్రమే రాశా. అబద్ధం కాదుగా" అన్నాడు సార్, ఎటో చూస్తూ. "వచ్చే నెల నీ పరీక్ష. ఈ మాట బయటికొస్తే నిన్ను రాయనివ్వరు. నోరు మూసుకో తల్లీ."

మూసుకుంది, పదకొండు రోజులు.

సాంబయ్యను ఇంటికి పంపే రోజున అతని భార్య నాసరమ్మ వరండాలో అంకమ్మను పట్టుకుంది.

"ఆగిపోయిన మిషన్ని సేత్తో తిప్పింది నువ్వేనంటగా! నీ కడుపు సల్లగుండ. ఆ పిడేదో ఒక్కసారి సూపియ్యి తల్లీ, దణ్ణం పెట్టుకుంటా."

అంకమ్మ నన్ను తెచ్చింది. నాసరమ్మ కళ్ళకద్దుకుంది. చక్రాల కుర్చీలో ఉన్న మొగుడి కుడిచేతిని నా మీద పెట్టి, వేళ్ళు ముడిచింది.

"పట్టుకో మావా, నిన్ను నిలబెట్టింది ఇదే."

ఎన్ని బస్తాలు మోసిందో ఆ చెయ్యి. ఇప్పుడు దానికి బరువే ఉంది, పట్టు లేదు.

"దణ్ణం పెట్టమాక పెద్దమ్మా" అంది అంకమ్మ. "ఆ రోజు దీన్ని రెండు చుట్లు ఎదురు తిప్పా. పెదనాయన చెయ్యి అందువల్లే పోయింది."

"అంకమ్మా!" అన్నాడు సార్ వెనక నుంచి.

నాసరమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. మొగుడి వేళ్ళను నా మీద నుంచి ఒక్కొక్కటే విప్పింది. ఆ చేతిని కొంగుతో తుడిచి అతని ఒళ్ళో పెట్టింది. కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.